ఈ20 పెట్రోల్ రివ్యూ: మొక్కజొన్న మాదే, బండీ మాదే, రేటే మాది కాదు

పెట్రోల్‌కి రివ్యూ ఏటిరా, బండికి రాయి, లేపోతే బంకు ఎదురుగా ఉన్న ఇడ్లీ బండికి రాయి అని మా తమ్ముడు ఒకటే నవ్వు. నెలకి మూడు వేలు పోసి కొంటున్న సరుకుని ఒగ్గేసి నెలకోసారి తినే బిర్యానీకి రివ్యూ రాయడం ఏంటో నాకైతే అర్థం కాదు. అదీకాక ఈ సరుకులో అయిదో వంతు ఇథనాల్, ఆ ఇథనాల్‌లో సగానికి దగ్గరగా ఇప్పుడు మొక్కజొన్న నుంచే వస్తోంది, ఆ మొక్కజొన్నల్లో నాలుగు గింజలు మా కల్లంలోంచి లారీ ఎక్కినవే కావొచ్చు. అంటే అమ్మిందీ మేమే, తిరిగి కొన్నదీ మేమే, రెండు చోట్లా రేటు చెప్పింది మాత్రం వేరేవాళ్లు. అందుకే రివ్యూ కొంచెం పొడుగైంది, ఓపిక ఉంటేనే చదవండి.

నేనుండేది విజయనగరం, ఊరు చీపురుపల్లి దాటి లోపలికి, వారానికి రెండుసార్లు పోవాలి రావాలి. బళ్లు రెండు. ఒకటి నాన్నది, 2009లో కొన్న హండ్రెడ్ సీసీ, కార్బొరేటర్ది, చోక్ లాగి రెండు కిక్కులు కొడితే గానీ లేవదు. రెండోది నాది, 2024లో తీసుకున్నా, ఫ్యూయల్ ఇంజెక్షన్, ట్యాంకు మూత దగ్గర ఈ20 అని స్టిక్కరు కూడా ఉంది. కంపెనీల పేర్లు చెప్పట్లేదు, ఇక్కడ మాట బండి గురించి కాదు కాబట్టి.

ఈ20 అంటే లీటరు పెట్రోల్లో 200 మిల్లీలీటర్లు ఇథనాల్. ఇథనాల్ అంటే ఏటో కాదు, సారాయే, కాకపోతే నీళ్లు పూర్తిగా తీసేసిన సారా. 2014 ప్రాంతంలో మనం కలిపింది ఒకటిన్నర శాతం, 2022 జూన్‌కి 10 శాతం అయింది, 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ఈ20 మొదలుపెట్టారు, 2025 కల్లా దేశం మొత్తం 20కి వచ్చేసింది. 2018 బయోఫ్యూయల్ పాలసీలో రాసుకున్న గడువు 2030, తర్వాత 2022లో దాన్ని 2025-26కి ముందుకు జరిపేశారు. మన ప్రభుత్వ పని గడువు కంటే ముందు పూర్తవ్వడం నేను చూసింది ఇదొక్కటే అనుకుంటా, మా ఊరి రోడ్డు కూడా ఇలగే వస్తే బాగుణ్ను. కానీ ఇంత స్పీడుగా వచ్చిందా, పోయించుకునేవాడికి మాత్రం ఎవడూ చెప్పలేదు. మా నాన్నకైతే ఒక సంవత్సరం దాకా తెలీదు ట్యాంకులో ఏం పోస్తున్నారో.

మైలేజీ దగ్గరికొద్దాం, అందరూ అడిగేది అదే కదా. నా బండికి పాత లెక్క లేదు, కొన్నప్పట్నుంచీ ఇంచుమించు ఇదే పెట్రోలు, 50, 51 ఇస్తోంది, కంప్లయింటు లేదు, పికప్ బానే ఉంది, ఎత్తుల మీద కూడా ఇబ్బంది లేదు. కానీ నాన్న బండికి లెక్క ఉంది. నాన్నకి ఒక పాత డైరీ, అందులో పాల లెక్క, ఎరువు లెక్క, కూలీల లెక్కతో పాటు ఎప్పుడు పెట్రోల్ కొట్టించినా మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు, ఎంత అయింది అన్నీ రాస్తాడు, ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్, ఏ యూట్యూబోడూ ఇంత పద్ధతిగా చెయ్యడు. 2021లో 58, 59, 57, మళ్లీ 58. 2025లో 55, 54, 56, 55. అంటే అయిదు శాతం పోయింది. నీతి ఆయోగ్ వాళ్ల 2021 రిపోర్టులోనే పాత టూవీలర్లకి మూడు నాలుగు శాతం, ఈ20 కోసం చెయ్యని కార్లకి ఆరేడు శాతం తగ్గుతుందని రాసి ఉంది, కాబట్టి ఇదేం రహస్యం కాదు. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోల్ లీటరులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే, మరి దాన్ని అయిదో వంతు కలిపాక తగ్గకుండా ఎలా ఉంటుంది. మిగతా ఒకటి రెండు శాతం బండి ముసలితనం ఖాతాలో వేసేద్దాం, న్యాయంగా ఉండాలి కదా. నాన్న నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాడు, అంటే లీటరు ఎక్కువ, 110 రూపాయలు. పెద్ద డబ్బేం కాదు అంటారు సిటీలో వాళ్లు. డైరీలో ప్రతి నెలా కనపడుతుంది మరి.

ఇక అసలు గొడవ ఆగస్టులో అయింది. నాన్నకి కంటి ఆపరేషన్ అని విశాఖ తీసుకెళ్లాం, పన్నెండు రోజులు బండి చూరు కింద ఉంది, ఆ పన్నెండు రోజులూ వాన. వచ్చాక కిక్కు కొడితే లేవలేదు, చోక్ లాగితే ఒకసారి పట్టి ఆగిపోయింది, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా. మా మెకానిక్ నాకు బావ వరస, నా కన్నా నాలుగేళ్లు చిన్న, పదో తరగతి తప్పినాడు గానీ ఇంజను మాట వింటే చాలు రోగం చెప్పీగలడు. కార్బొరేటర్ విప్పి కింద గిన్నె తీసి అందులోదీ, తర్వాత ట్యాంకు అడుగుదీ కొంత, కోసిన వాటర్ బాటిల్లో పోసి గోడ మీద పెట్టి, రెండు నిమిషాలు ఆగు బావా అన్నాడు. టీ తాగి వచ్చేసరికి బాటిల్లో రెండు పొరలు. పైన లేత పసుపు, కింద పలచగా మబ్బు రంగు, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత.

నేను వెంటనే బంకోడు నీళ్లు కలిపాడు అని మొదలెట్టా.

"బంకోడ్ని తిట్టకు బావా, ఆడిదేటీ తప్పు లేదు. మీ నాన్న బండి మూతకి వాసరు ఎండిపోనాది, సూడు ఎలగ పగిలిపోనాదో. వాన నీరు దిగిపోనాది."

"అయితే నీళ్లే కదా, పారబోస్తే సరి."

"అదే మరి. పూర్వం నీరు కిందుండేది, పెట్రోలు పైనుండేది, నీరు ఒంపీస్తే అయిపోయీది. ఇప్పుడలగ కాదు. సారాకి నీరంటే ఇష్టం. కొంచెం నీరయితే కలుపుకుని ఊరుకుంటాది, ఎక్కువైతే ఆ నీటినట్టుకుని మొత్తం కిందకి దిగిపోద్ది. ఇంజనుకి ముందెళ్లేది అడుగుదే గదా, ఇంకేటి మండుతాది?"

ఇంజనీరింగ్ చదివిన నాకు మా కాలేజీలో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు ఒట్టు. తర్వాత పెట్రోలు పైపు తీసి చూపించాడు, రబ్బరు వంచితే ఎండిన చింత బెత్తంలా విరిగేలా ఉంది. ఇది ఈ20 వల్లా, పదహారేళ్ల వయసు వల్లా అంటే, రెండూనూ అన్నాడు. పైపు, వాసరు, కార్బొరేటర్ ఓ-రింగులు, ట్యాంకు కడగడం, జెట్టు క్లీనింగు, అన్నీ కలిపి 640 తీసుకున్నాడు, బావ వరస డిస్కౌంటు పోను. అప్పట్నుంచి బండి బాగుంది, ఇంకెప్పుడూ మిస్సింగ్ కొట్టలేదు. కాబట్టి ఇంజన్లు పేలిపోతాయి, బళ్లు తుప్పు పట్టి రాలిపోతాయి అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నేను నమ్మను. కానీ తీరంలో ఉన్నాం, గాల్లో తేమ, వానకి లెక్కలేదు, తుఫాను మనకి చుట్టం, పాత బళ్లే ఎక్కువ. ఇలాంటి చోట నీటికి ఇంత బేగి లొంగిపోయే సరుకు అమ్ముతున్నప్పుడు బంకు దగ్గర ఒక బోర్డు పెట్టి మూత వాసరు చూసుకోండి, వారం పైన నిలబెడితే ట్యాంకు ఫుల్లుగా ఉంచండి అని నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

బంకు సర్వీసు గురించి కూడా ఒక మాట. నేను వెళ్లే బంకులో కుర్రాళ్లు మంచోళ్లే, సున్నా చూపించి మరీ కొడతారు, అయిదు లీటర్ల క్యాను తెచ్చి కొలవమంటే ముఖం మాడ్చుకోకుండా కొలిచారు, సరిగ్గానే వచ్చింది. ఒకరోజు అడిగా, ఈ20 కాకుండా మామూలు పెట్రోల్ ఉందా తమ్ముడూ అని. వాడు నన్ను పైకీ కిందకీ చూసి, అదే మామూలన్నా అన్నాడు. నిజమే. వేరేది లేదు. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అమ్మాలి అని సుప్రీంకోర్టుకి పోతే 2025 సెప్టెంబరు 1న ఆ పిటిషన్ కొట్టేశారు. పెద్ద ఊళ్లలో ఆ వంద ఆక్టేన్ రకం ఏదో దొరుకుతుందట, లీటరు 160 దాకా, నాన్న బండికి అది పోస్తే నాన్న నన్ను ఇంట్లోకి రానివ్వడు.

సరే ఇప్పుడు కల్లం దగ్గరికి రండి, సగం రివ్యూ అక్కడే ఉంది.

మాకు గరువు భూమి, అంటే మెట్ట, మూడెకరాలు. ఒకప్పుడు నువ్వులు, ఉలవలు, గోగు వేసేవాళ్లు, పల్లంలో కొన్నాళ్లు చెరుకు కూడా వేశారు. ఇక్కడ చెరుకు కథ తెలిసిందే, ఆమదాలవలస ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది, భీమసింగి సహకార ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది, చెరుకు నుంచి ఇథనాల్ అని దేశమంతా ఊదరగొట్టే టైముకి మా వైపు ఆ రెండు ఫ్యాక్టరీలూ లేకుండా పోయాయి. అలా అందరూ మొక్కజొన్నకి తిరిగారు. లావేరు, రణస్థలం వైపు పోతే రోడ్డుకి రెండు పక్కలా అదే.

2023 జులైలో ఎఫ్‌సీఐ, అంటే కేంద్రం తరఫున ధాన్యం నిల్వ చేసే సంస్థ, బియ్యం ఇథనాల్‌కి ఇవ్వడం ఆపేశారు, ఆ డిసెంబరులో చెరుకు రసం మీద కూడా ఆంక్ష పెట్టారు, దాంతో ఇథనాల్ ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారి మొక్కజొన్న మీద పడ్డాయి. 2024 వేసవిలో మా కల్లంలో క్వింటా 2300కి పోయింది, వ్యాపారి తనే ఫోన్ చేసి అడిగాడు, మా జన్మలో మొదటిసారి. నాన్న ఆ డబ్బుతో పశువుల సాలకి రేకులు వేయించాడు. కోళ్ల ఫారాల వాళ్లు మాత్రం దాణా రేటు చూసి మొత్తుకున్నారు, ఎన్నో ఏళ్లుగా మొక్కజొన్న బయటికి అమ్మే దేశం ఆ ఏడు మయన్మార్ నుంచీ ఉక్రెయిన్ నుంచీ తెప్పించుకుంది. ఒకడి సంబరం ఒకడికి గుడ్డు రేటు. ఏదైతేనేం, ఊరికి డబ్బొచ్చింది, బయోఫ్యూయల్ వల్ల పల్లె బాగుపడుతుంది అని పేపర్లో రాస్తే ఆ ఒక్క ఏడాదికి నేను సంతకం పెడతా.

తర్వాత ఏమైంది? 2025లో మళ్లీ ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం ఇథనాల్‌కి వదిలారు, క్వింటా 2250 చొప్పున, 52 లక్షల టన్నుల దాకా. అంతకుముందు ఏటి రేటు చూసి దేశమంతా మొక్కజొన్న వేసింది, పంట కూడా బాగా వచ్చింది. ఆ ఖరీఫ్ పంట కోసి కల్లంలో ఆరబోసేసరికి అక్టోబరు ఆఖర్న మొంథా తుఫాను వాన. పట్టాలు కప్పాం, తీసాం, మళ్లీ కప్పాం. వ్యాపారి వచ్చి ఆ తేమ చూసే మిషను గింజల్లో పెట్టాడు, 18 చూపించింది. 14 ఉండాలి. ఇక అక్కడ్నుంచి బేరం అంతా ఆ నాలుగు పాయింట్ల మీదే. తేమకి ఇంత, క్వింటాకి రెండు కేజీలు తరుగు, హమాలీ మాదే, అన్నీ పోను చేతికి వచ్చింది క్వింటాకి 1780. ఆ ఏడు మద్దతు ధర 2400. కొనుగోలు కేంద్రం తెరుస్తారు ఆగండి అని కొందరన్నారు, కల్లంలో గింజ మొలకొచ్చేలా ఉంటే ఆగేది ఎవడు?

ఆ రాత్రి అన్నం తిన్నాక నేను ఫోన్ కాలిక్యులేటర్ తీసి నాన్నకి లెక్క చెప్పా. టన్ను మొక్కజొన్నకి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది, అంటే క్వింటాకి 38. మొక్కజొన్న ఇథనాల్‌ని ఆయిల్ కంపెనీలు లీటరు 71.86కి కొంటున్నాయి. 38 పెట్టి హెచ్చవేస్తే 2730 రూపాయలు. అది కాకుండా పిప్పి పశువుల దాణాకి అమ్ముకుంటారు. ఫ్యాక్టరీవాడికి బొగ్గు, కరెంటు, ఎంజైములు, లారీ కిరాయి, బ్యాంకు వడ్డీ అన్నీ ఉంటాయి, వాడేదో ఊరికే మింగేస్తున్నాడని నేననట్లేదు. నా బాధ వేరు. వాడి లీటరు రేటు ఏడాది మొదట్లోనే కాగితం మీద రాసి ఉంటుంది, కొనేవాడు ఎవడో తెలుసు, ఎంత కొంటాడో తెలుసు. బంకులో రేటు బోర్డు మీద ఉంటుంది, పైసాతో సహా. ఈ రెండింటికీ మధ్య, మొదట్లో ఉన్న మా కల్లంలో మాత్రం రేటు మిషను కూత పెట్టేదాకా ఎవడికీ తెలీదు.

నాన్న అంతా విని, "అయితే ఆ ఫ్యాక్టరీ ఎక్కడుందో సెప్పు, ట్రాక్టరేసుకుని నానే ఎల్లిపోతాను" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

ఇంకో లెక్క కూడా చెప్పా ఆయనకి, పది లీటర్లు పోయిస్తే అందులో రెండు లీటర్లు ఇథనాల్, అదంతా మొక్కజొన్నదే అనుకుంటే అయిదు కేజీల పైన గింజలు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, బండి మనకన్నా బాగా తింటంది అన్నాడు.

మీరు అనొచ్చు, ఇదేంటి పెట్రోల్ రివ్యూలో వ్యవసాయం గోల అని. మా ఇంట్లో నూనె పంటల కథ కొత్తది కాదు, అందుకే ఇంత ఇది. 2006లో నేను ఎనిమిదో తరగతి. అప్పుడు బయోడీజిల్, అంటే గింజల నూనె నుంచి తీసే డీజిల్, దాని గాలి వీచింది. 2003లో ప్లానింగ్ కమిషన్ కమిటీ ఒకటి దేశంలో 1.12 కోట్ల హెక్టార్లలో జట్రోఫా వేసేస్తే డీజిల్లో 20 శాతం కలిపెయ్యొచ్చు అని రిపోర్టు ఇచ్చింది. జట్రోఫా అంటే మా వైపు అడవి ఆముదం అంటారు, కొందరు నేపాళం అంటారు. బీడు భూముల్లో నీళ్లు లేకుండా పెరుగుతుంది, పశువు ముట్టదు, మూడేళ్లలో డబ్బే డబ్బు అని చెప్పారు. జీపులో వచ్చి మొక్కలు ఫ్రీగా ఇచ్చారు, నాన్న గరువులో ఎకరంన్నర నువ్వులు మానేసి వేశాడు. తాతయ్య వద్దన్నాడు, తినలేనిది కొనేవాడు లేకపోతే ఏం చేస్తావురా అని. తాతయ్య మాట విన్నదెప్పుడు మా ఇంట్లో.

మొక్క బతికింది, అందులో అబద్ధం లేదు. కానీ నీళ్లు లేకుండా బతకడం వేరు, నీళ్లు లేకుండా కాయడం వేరు. మూడో ఏడు కాసింది నాలుగు కాయలు. అవి కూడా ఒక్కసారి పండవు, ఒకే గెలలో ఒకటి పచ్చిగా, ఒకటి పసుపుగా, ఒకటి ఎండి నల్లగా, నెలల తరబడి రోజూ పోయి ఏరుకోవాలి. లీటరు నూనెకి మూడు నాలుగు కేజీల గింజ కావాలి. ప్రభుత్వం 2005 అక్టోబరులో తెచ్చిన కొనుగోలు పాలసీలో బయోడీజిల్ లీటరు రేటు 25 రూపాయలు. మిల్లువాడి ఖర్చూ, లారీవాడి ఖర్చూ పోయాక గింజ ఏరిన మనిషికి మిగిలేది ఏంటో మీరే వేసుకోండి. మా అమ్మా పిన్నీ రెండు వారాలు ఏరి ఒక గోనె నింపారు, ఆ గోనె అటక మీద రెండేళ్లుంది, కొనేవాడు రాలేదు, జీపూ రాలేదు. మధ్యలో వీధిలో ఇద్దరు గుంట పిల్లలు పప్పు బాగుందని తిని వాంతులు పట్టుకుని రాజాం ఆసుపత్రికి పరుగు. ఆ తర్వాత అమ్మ ఆ గోనె తీసుకెళ్లి చెరువు అవతల పారబోసి వచ్చింది. 2009లో మళ్లీ కొత్త పాలసీ వచ్చింది, 2017కి 20 శాతం అన్నారు, అప్పటికి మా ఊళ్లో ఎవడూ చెవి కూడా తిప్పలేదు. మాదే కాదు, అదే రోజుల్లో టాంజానియా, మొజాంబిక్‌లలో కంపెనీలు వేల హెక్టార్లు ఊళ్ల దగ్గర తీసుకుని ఇదే మొక్క వేసి, ఇలాగే చేతులెత్తేసి పోయాయట, అక్కడ పాపం భూమి కూడా పోయింది. మాకు కనీసం భూమి మిగిలింది. ఒక పక్క వరస నరక్కుండా ఉంచాడు నాన్న, మేకలు ముట్టవు కదా, ఇప్పుడు మా మొక్కజొన్న చేనుకి కంచె అదే.

అన్నీ ఇలాగే పోతాయని కూడా కాదు. ఆదిలాబాద్ వైపు పవర్‌గూడ అని ఒక గిరిజన పల్లె, అక్కడ మహిళా సంఘం వాళ్లు కానుగ మొక్కలు పెంచి, కానుగ గింజలు ఊళ్లోనే మిల్లులో ఆడించి నూనె అమ్ముకున్నారు, పిండి పొలానికి ఎరువుగా వేసుకున్నారు. 2003లో ఆ నూనె వల్ల తగ్గే పొగకి లెక్కగట్టి 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి ప్రపంచ బ్యాంకు వాళ్లకి 645 డాలర్లు కూడా ఇచ్చింది. పెద్ద డబ్బేం కాదు, కానీ తేడా చూడండి, మిల్లు ఊళ్లో ఉంది, కాటా వాళ్లది, చెట్టు వాళ్లకి తాతల నాటి నుంచి తెలిసినది. మా చెరువు గట్టు మీద కూడా కానుగలున్నాయి, గింజలు ఏరి అమ్మే ముసలమ్మ ఒకావిడ ఉండేది, ఇప్పుడు ఎవరూ ఏరట్లేదు, నీడకి బాగుంటుంది అంతే.

ఇక రేటు సంగతి. దీనికే నేను స్టార్లు కోసేది. బ్రెజిల్లో 1975 నుంచి చెరుకు ఇథనాల్ నడుస్తోంది, 2003 నుంచి రెండూ తాగే బళ్లు వచ్చాయి, బంకులో ఇథనాల్ పంపు వేరే, పెట్రోల్ పంపు వేరే, రెండింటికీ రేటు వేరే. అక్కడ జనానికి ఒక బండ గుర్తు ఉంది, ఇథనాల్ రేటు పెట్రోల్ రేటులో 70 శాతం లోపుంటే అది కొట్టిస్తారు, పైనుంటే పెట్రోల్ కొట్టిస్తారు. తక్కువ నడిచే సరుకు తక్కువకి దొరకాలి, చిన్న పిల్లాడికి కూడా అర్థమయ్యే విషయం. మన నీతి ఆయోగ్ రిపోర్టు కూడా కలిపిన పెట్రోల్ మామూలు దానికన్నా చవగ్గా ఉండాలనే చెప్పింది. ప్రభుత్వం వాళ్లేమో ఇప్పుడు ఇథనాలే పెట్రోల్ కన్నా ఖరీదైపోయింది, తగ్గించడం కుదరదు అంటున్నారు. ఖరీదైంది అన్నారు సరే, ఆ ఖరీదు మా కల్లానికి వచ్చి ఉంటే నేను 110 రూపాయలు నెలకి ఎక్కువైనా నోరు మూసుకుని కట్టేవాణ్ని, మన జేబులోంచి మన జేబులోకే కదా అనుకుని. దేశానికి 1.4 లక్షల కోట్ల రూపాయల పైన విదేశీ మారకం మిగిలిందని కేంద్రం లెక్క చెప్పింది, మిగిలి ఉండొచ్చు, క్రూడ్ కొనేది బయట్నుంచే కాబట్టి అది మంచిదే. మాకు మిగిలిన లెక్క మాత్రం డైరీలో ఉంది.

ఇప్పుడు కొత్తగా గడ్డి నుంచి గ్యాస్ అంటున్నారు, నేపియర్ గడ్డి వేస్తే కొంటారట, ప్రకాశం వైపు కనిగిరి దగ్గర 2025 ఏప్రిల్లో ప్లాంటుకి శంకుస్థాపన కూడా జరిగింది. మా ఊరి టీ కొట్టు దగ్గర ఈ మాట వచ్చినప్పుడు మా చిన్నాన్న ఒకటే అడిగాడు, ఎన్నేళ్లు కొంటారో, ఎంతకి కొంటారో రాసిచ్చే సంతకం ఎవుడిది అని. ఎవరి దగ్గరా జవాబు లేదు, టీ తాగి లేచిపోయారు.

స్టార్లు: కొత్త బండి ఉన్నవాడికి సరుకుగా అయిదుకి మూడున్నర, ఏ గొడవా లేదు, పోయించుకోండి. పాత కార్బొరేటర్ బండికి రెండు. రేటుకి ఒకటి, అది కూడా బంకు కుర్రాడి మంచితనానికి. పాత బండి ఉన్నవాళ్లు వానాకాలం రాకముందే ట్యాంకు మూత వాసరు మార్పించండి, నలభై యాభై రూపాయల పని, రబ్బరు పైపు గట్టిపడిందేమో ఒకసారి వంచి చూడండి, ఊరెళ్తుంటే ట్యాంకు నింపి చూరు లోపల పెట్టండి, పదిహేను రోజులకోసారైనా స్టార్ట్ చేసి కాసేపు నడపండి. ట్యాంకులో నీళ్లు దిగాయని అనుమానం వస్తే కిక్కులు కొట్టి కొట్టి చంపకండి, ముందు అడుగుది బాటిల్లోకి తీసి ఎండకి ఎత్తి చూడండి, గీత కనపడితే అంతే సంగతి, అంతా ఒంపేసి కొత్తది పోయాలి.

మొన్న ఆదివారం ఊరెళ్లేసరికి నాన్న చీపురుపల్లి నుంచి వస్తున్నాడు, వెనక సీటు మీద విత్తనాల సంచి రబ్బరు తాడుతో కట్టుకుని. నువ్వులు వేస్తానన్నావు కదా ఈసారి అంటే, నువ్వులకి కూలీలు దొరకరు, మొక్కజొన్నకైతే మిషను వస్తాది అన్నాడు. సంచి దింపి, చేతులు కడుక్కోకుండానే చొక్కా జేబులోంచి పెన్ను తీసి డైరీలో రాసుకుంటున్నాడు, తొంగి చూశా. విత్తనాలు ఆరు ప్యాకెట్లు, కింద పెట్రోలు నాలుగు లీటర్లు, 440.